ఆఖరి నట్టు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా షెడ్డులో అందరూ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఎవరింట్లో ఎవరు అలిగి పడుకున్నారో పొద్దున నా చెవిన పడితే, మధ్యాహ్నం టీ వేళకి అది అందరి చెవినా పడి ఉంటుంది. అలాంటి నేను కూడా ఒక మాటని రెండు చలికాలాల పాటు నోట్లోనే అట్టిపెట్టుకున్నాను. నేనొక్కదాన్నే కాదు, అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరూ అదే మాటని అలాగే అట్టిపెట్టుకున్నారు. అదీ మా ఖర్మ.

మేము చక్రాల కుర్చీలు చేస్తాం. మేమంటే ముందు మా తమ్ముడు, తర్వాతే మిగతావాళ్ళం. ఇనప గొట్టాలు కోయడం, వంచడం, వెల్డింగు, రంగు, చక్రాల బిగింపు అన్నీ ఒకే పొడవాటి షెడ్డులో జరుగుతాయి. షెడ్డు పైన మా ఇల్లు. కింద ఒక మూల, కిటికీ పక్కన, నా కుట్టుమిషను. సీట్లూ, వీపు ఆనుకునే రెగ్జిన్లూ కుట్టేది నేనే. అక్కడ కూర్చుంటే షెడ్డంతా కనబడుతుంది కాబట్టి ఆ మూల ఇంకెవరికీ ఇవ్వను. మా తమ్ముణ్ణి అందరూ మేస్త్రిగారంటారు. నేను మాత్రం ఒరేయ్ అంటాను. వాణ్ణి చంకనేసుకు తిరిగినదాన్ని, గారూ గీరూ అనడానికి నాకు నోరు తిరగదు.

మా షెడ్డుకి ఒక పద్ధతి ఉంది. కుర్చీ ఎవరు తయారుచేసినా, పెద్ద చక్రాన్ని ఇరుసుకి పట్టి ఉంచే ఆఖరి నట్టు మాత్రం మేస్త్రే బిగించాలి. మిగతావాళ్ళు దాన్ని వేలితో నాలుగు తిప్పులు తిప్పి వదిలేసి, కుర్చీని గోడ పక్కన వరసలో పెట్టాలి. వాడు తన పానా పట్టుకుని వచ్చి, ఒక్కో కుర్చీ ముందూ మోకాళ్ళ మీద కూర్చుని, నట్టు బిగించి, అరచేత్తో చక్రాన్ని ఒకసారి తట్టి లేస్తాడు. అప్పుడే అది కుర్చీ. అంతవరకూ వట్టి ఇనుము.

ఈ పద్ధతికి కారణం మా అమ్మ. వాడు మొట్టమొదట చేసిన కుర్చీ ఆవిడ కోసమే. అంతా తనే చేసి, చక్రాలు బిగించమని ఒక తెలిసిన మనిషికి అప్పజెప్పి బయటికి వెళ్ళాడు. ఆ మనిషి సగం బిగించి వదిలేశాడు. వీధి వాలులో నట్టు ఊడి, చక్రం జారి, అమ్మ పడిపోయింది. ఆ తర్వాత మంచం దిగనే లేదు. ఆనాటి నుంచి వాడు ఆ నట్టు దగ్గర ఇంకొకరి చేతిని నమ్మలేదు. నేను వాణ్ణి తప్పు పట్టను. ఆవిడ పడిన చప్పుడు నేనూ విన్నాను.

అయితే మనిషి ఒక్కడు, కుర్చీలు బోలెడు. వాడికి జ్వరం వస్తే షెడ్డు మొత్తం ముసుగుతన్ని పడుకోవాల్సిందే. గోడ పక్కన కుర్చీలు డాక్టరు కోసం కాచుకున్న రోగుల్లా బారులు తీరి ఉండేవి. అలాంటి రోజుల్లోనే పెద్ద ఆసుపత్రి ఒకటి మా కుర్చీలు మెచ్చుకుని, నెలనెలా పంపగలరా అని అడిగింది. ఆఫీసు వ్యవహారాలు చూసేది వాడి కూతురు, నా మేనకోడలు. పంపుతామంటే మాట నిలబెట్టుకోలేం, పంపలేమంటే మళ్ళీ అడగరు. పాపం, మింగలేక కక్కలేక కొన్నాళ్ళు చూసి, చివరికి తండ్రి ఎదుట నిలబడింది.

"నాన్నా, నీకు పని చేయడం వచ్చు. చేయించడం రాదు," అంది.

ఆ మాట ఇంకెవరన్నా అంటే గోడలు అదిరేవి. కూతురు అంది కాబట్టి కొన్నాళ్ళు ముభావంగా తిరిగాడు. ఆ తర్వాత, అది చేర్పిస్తానన్న క్లాసులకి వెళ్తానని ఒప్పుకున్నాడు. నలుగురి చేత పని చేయించే పెద్దలకి, ఆ పెద్దరికం ఎలా చేయాలో నేర్పే క్లాసులట. శనివారం రాగానే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరేవాడు. పలకా బలపం కొనివ్వనా అని నేను ఎగతాళి చేశాను. వాడు నవ్వలేదు. నిజంగానే బుద్ధిమంతుడైన పిల్లాడిలా వెళ్ళి, వచ్చాక టీ తాగుతూ నాకు పాఠం అప్పజెప్పేవాడు. అక్కడ ఒక బేకరీ ఆయన, ఒక బడి హెడ్మిస్ట్రెస్, ఒక లారీల ఆయన ఉండేవారట. అందరి బాధా ఒకటేనట. పాఠం చెప్పే అమ్మాయి అన్న ఒక మాట వాడికి బాగా నాటుకుంది. చెడ్డ కబురు అందరికీ తెలిసి, ఆఖరున పెద్దవాడికి తెలుస్తోందంటే, తప్పు పెద్దవాడిదేనట.

ఆ సోమవారం పొద్దున పని మొదలవకముందే అందరినీ పోగుచేశాడు. ఇక నుంచి ప్రతి సోమవారం తనకి తెలియనిది ఒకటి చెప్పమన్నాడు. మంచైనా చెడైనా సరే, కోప్పడనన్నాడు. అందరం కుక్కిన పేనుల్లా నిలబడ్డాం. ఇన్నేళ్ళూ నోరు తెరిస్తే చివాట్లు పెట్టిన మనిషి ఇవాళ నోరు తెరవండి అంటే ఎవరు తెరుస్తారు? తర్వాతి సోమవారం వెల్డరు ధైర్యం చేసి, బాత్రూము గడియ ఊడిపోయి చాన్నాళ్ళయిందని చెప్పాడు. మా తమ్ముడు వాడి కళ్ళలోకి చూసి, "చెప్పినందుకు థాంక్స్," అన్నాడు. అలా అనాలని క్లాసులో నేర్పారట. అన్నాక వెంటనే వెళ్ళి గడియ వేయించాడు కూడా. ఆ పై వారం టీ నీళ్ళలా ఉంటోందని ఎవరో అన్నారు. టీ పెట్టేది నేను. దానికీ థాంక్స్ చెప్పాడు, వెధవ.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, నాలుగు వారాలు పోతే వీడే మళ్ళీ అరుస్తాడులే అనుకున్నాను. అరవలేదు. గొట్టాలు కోసే బల్లని వంచే మిషను పక్కకి జరిపితే నడక తగ్గుతుందని ఫిట్టరమ్మాయి చెబితే జరిపించాడు. రంగు ఆరే చోట కిటికీ కావాలంటే గోడ కొట్టించాడు. తను చెప్పబోయిన మాట నాలిక చివర ఆపుకుని, నువ్వేమంటావు అని ఎదుటివాళ్ళని అడగడం నేను నా కళ్ళతో చూశాను. షెడ్డులో నవ్వులు వినబడ్డాయి. వాడు కూనిరాగాలు తీశాడు. నిజం చెప్పొద్దూ, నాకు మా తమ్ముడంటే గర్వంగా అనిపించింది.

ఆ ఒక్క నట్టు మాత్రం వదల్లేదు. గోడ పక్క వరస అలాగే ఉంది. అది కూడా మాకు అప్పగించు నాన్నా, ఆసుపత్రికి మాటిచ్చేస్తాను అని మేనకోడలు బతిమాలింది. అన్నీ తీసుకోండి, అది నా దగ్గర ఉంచండి అన్నాడు. అమ్మ సంగతి తెలిసినవాళ్ళం, ఇంకేమంటాం?

ఇంతకీ మా అందరి నోళ్ళలో ఉన్న ఆ మాట ఇదే. వాడి కుడిచేతి పట్టు పోయింది.

మొదట టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టాడు. చలిగా ఉందన్నాడు. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోలేక, కాజాలు ఇరుగ్గా కుట్టావని నన్ను తిట్టాడు. ఆ కాజాలు నేను కుట్టినవి కావు, కొన్న చొక్కా అది. నట్టు బిగించేటప్పుడు మునుపటిలాగే పళ్ళు బిగబట్టి, పానా తిప్పి, చక్రం తట్టి లేచేవాడు. బిగిసిందనే అనుకునేవాడు. అది బిగియలేదని మొదట కనిపెట్టింది ఫిట్టరమ్మాయి. చూడ్డానికి గుప్పెడు మనిషి, అందుకే అందరూ పిచ్చుక అంటారు. మేస్త్రి బిగించిన నట్టు దాని వేలికి కదిలింది. అది ఎవరికీ ఏమీ చెప్పలేదు. మా తమ్ముడు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడల్లా తన పానాతో వరస పొడుగునా తిరిగి, ప్రతి నట్టూ మళ్ళీ బిగించేది.

అది గమనించిన వెల్డరు, సరిగ్గా ఆ వేళకే గొట్టాలు చప్పుడయ్యేలా కింద పడేసేవాడు. నేను గుడ్డ లేకుండానే మిషను తొక్కేదాన్ని. మా మేనకోడలు ఏదో ఫోనొచ్చిందని తండ్రిని పైకి పిలిచేది. ఈ నాటకం గురించి మాలో మేము ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఎవరి పాత్ర వాళ్ళకి తెలుసు. ప్రతి సోమవారం వాడు నాకు తెలియనిది ఒకటి చెప్పండి అని అడుగుతూనే ఉన్నాడు. మేము ఫ్యాను తిరగట్లేదనీ, లైటు వెలగట్లేదనీ చెబుతూనే ఉన్నాం. దాన్ని మేము ప్రేమ అనుకున్నాం.

ఒకరోజు పిచ్చుక వాళ్ళమ్మకి కంటి ఆపరేషను ఉందని మధ్యాహ్నం సెలవడిగింది. మా తమ్ముడు వెళ్ళమన్నాడు. ఆ పూట వరసలో ఒకే ఒక్క కుర్చీ ఉంది. పిచ్చుక వెళ్ళాక వాడు ఆ కుర్చీ నట్టు బిగించాడు, సాయంత్రం వ్యానులో కుర్చీ వెళ్ళిపోయింది. నేను చూడలేదు. వెల్డరూ చూడలేదు. ఎప్పుడూ చూసుకునేది పిచ్చుక కదా అని ఎవరి పనిలో వాళ్ళం ఉన్నాం.

కొన్నాళ్ళకి ఆ కుర్చీ వెనక్కి వచ్చింది. ఒక నడివయసాయన ఆటో వెనక కట్టుకుని తెచ్చాడు. వాళ్ళమ్మగారు ఇంటి ముందు వాలులో దిగుతుంటే చక్రం ఊడి పడిపోయిందట. భుజం ఎముక విరిగి ఆసుపత్రిలో ఉందట. ఆయన అరవలేదు, ఒక్క పరుషమైన మాట కూడా అనలేదు. కుర్చీ దించి, ఊడిన చక్రం పక్కన పెట్టి, ఇంకొకరికి ఇలా జరగకుండా చూడండి అని చెప్పి వెళ్ళిపోయాడు. మా తమ్ముడు ఆ ఇరుసు వైపే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. వాడు ఎవరి గురించి ఆలోచిస్తున్నాడో నాకు తెలుసు.

అందరినీ పిలిచాడు. గొంతు పెంచలేదు. ఈ నట్టు నేనే బిగించాను, మరి ఎలా ఊడింది, ఎవరికైనా తెలుసా అని అడిగాడు. ఎవరూ తల ఎత్తలేదు. అప్పుడు పిచ్చుక ఒక అడుగు ముందుకి వేసింది.

"తప్పు నాదే మేస్త్రిగారూ. మీరు బిగించాక వాషరు సరిగ్గా లేదని నేను మళ్ళీ విప్పాను. బిగించడం మర్చిపోయాను."

అప్పుడు నేను వాడి ముఖం చూశాను. చూడకుండా ఉండాల్సింది. వాడి ముఖంలో కోపం కాదు, ఊరట కనబడింది. మునిగిపోతున్నవాడికి గట్టు అందినట్టు, ఆ అబద్ధాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. "చెప్పినందుకు థాంక్స్," అన్నాడు. తర్వాత, నేను బిగించిన నట్టు మీద చెయ్యి వేసినవాళ్ళకి ఇక్కడ చోటు లేదు, రేపటి నుంచి రావద్దు అన్నాడు. అది కూడా మెల్లగానే అన్నాడు. పిచ్చుక తలూపి, పని చేసేటప్పుడు కట్టుకునే ముతక గుడ్డ విప్పి మడతపెట్టడం మొదలుపెట్టింది. దాని ముఖంలో ఏ మార్పూ లేదు. నీళ్ళు తిరిగింది వెల్డరు కళ్ళలో.

నేను మిషను దగ్గర నుంచి లేచాను. లేస్తున్నప్పుడే నాకు తెలుసు, ఈ మాట అన్నాక మా ఇంట్లో ఏదీ మునుపటిలా ఉండదని.

"ఒరేయ్, ఆ మధ్యాహ్నం దానికి సెలవిచ్చి పంపింది నువ్వే. నువ్వు నట్టు బిగించే వేళకి అది ఇక్కడ లేదు," అన్నాను.

వాడు నా వైపు తిరిగాడు. నేను ఆపలేదు.

"నీ చేతిలో పట్టు లేదురా. ఎప్పుడో పోయింది. రోజూ అదే నీ వెనకాల తిరిగి బిగిస్తోంది. ఆ ఒక్కపూట అది లేదు."

వాడు పానా తీసుకుని, గోడ పక్కన ఉన్న కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నట్టు బిగించాడు. మెడ నరాలు పొంగాయి, నుదుటి మీద చెమట పట్టింది. ఎప్పటిలాగే చక్రం తట్టి లేచి, పిచ్చుకని పిలిచాడు. అది కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. అది వచ్చి వంగి, పానా కూడా లేకుండా రెండు వేళ్ళతో పట్టుకుంది. నట్టు తిరిగింది. అది ఏడుస్తూ, అలా తిప్పుతూనే ఉంది.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

కిందటేడు చలికాలానికి ముందు నుంచీ అని నేనే చెప్పాను.

"ఎవరెవరికి తెలుసు?"

వాడు ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వచ్చాడు. వెల్డరు ముఖం, రంగు వేసేవాళ్ళ ముఖాలు, ఆఖరున తలుపు దగ్గర నిలబడ్డ కూతురి ముఖం. అక్కడ కాసేపు ఆగాడు. నన్ను చూడాల్సిన అవసరం లేకపోయింది. చెయ్యి పోయినందుకు కాదు వాడికి అంత దెబ్బ తగిలింది. ప్రతి సోమవారం తను నిజంగా అడిగాడు, మేమందరం కలిసి వాణ్ణి చిన్నపిల్లాణ్ణి చేసి ఆడించాం. ఆ వరసలోంచి వెళ్ళిన కుర్చీలోంచే ఇంకో తల్లి పడిపోయింది.

కుడిచేతి వేళ్ళు పానా చుట్టూ బిగుసుకుపోయి ఉన్నాయి. ఎడమచేత్తో ఒక్కొక్క వేలూ విడదీసి, పానాని పిచ్చుక చేతిలో పెట్టాడు. రేపు వేళకి రా అన్నాడు. ఇక నుంచి ఎవరు చేసిన కుర్చీకి వాళ్ళే నట్టు బిగించాలనీ, ఇంకొకరు సరిచూడాలనీ, మేస్త్రి చేసినదైనా సరిచూడాలనీ చెప్పాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"చెప్పినందుకు థాంక్స్ అక్కా," అన్నాడు.

బాత్రూము గడియకి చెప్పిన మాటే. నీళ్ళ టీకి చెప్పిన మాటే. వాడు తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది. మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళి ఆ పెద్దావిడ మంచం పక్కన నిలబడి, ఆ నట్టు తన చేతిదేనని చెప్పాడు. నేనూ వెంట ఉన్నాను. ఆవిడ, కుర్చీ త్వరగా బాగుచేసి పంపు నాయనా, నాకు ఇంకోటి లేదు అంది. ఆ కుర్చీని పిచ్చుకా వెల్డరూ కలిసి బాగుచేశారు. వాడు దాని దగ్గరికి వెళ్ళలేదు. అదే ఆసుపత్రిలో డాక్టరుకి చెయ్యి కూడా చూపించాం. మెడ దగ్గర నరం నలిగిపోయిందన్నాడు. ముందే వచ్చి ఉంటే ఏదైనా చేసేవాళ్ళమన్నాడు. ఆ ముందే అన్న మాట మోసుకుంటూ నేను ఇంటికి వచ్చాను.

ఇప్పుడు షెడ్డు బ్రహ్మాండంగా నడుస్తోంది. ఎవరి నట్టు వాళ్ళు బిగిస్తున్నారు, పక్కవాళ్ళు సరిచూస్తున్నారు. తప్పు చేసినవాళ్ళు తామే వచ్చి చెబుతున్నారు, ఎవరూ అరవట్లేదు. కుర్చీలు అడిగిన ఆ పెద్ద ఆసుపత్రికి చివరికి మాటిచ్చాం, ఒక్క నెల కూడా తప్పలేదు. మేనకోడలు సోమవారాల మీటింగు తనే పెడుతోంది. దాని నోటి వెంట తండ్రి మాటలే వస్తుంటాయి. మా తమ్ముడు క్లాసులో నేర్చుకున్నదంతా అక్కడ పనిచేస్తోంది, వాడు తప్ప. వాడు కిందికి రావట్లేదు. అందరూ పైకి వెళ్ళి పిలిచారు, పిచ్చుక మెట్ల మీద కూర్చుని ఏడ్చింది కూడా. వస్తానంటాడు, రాడు. నేనుంటే మళ్ళీ నా వైపు చూస్తారే అక్కా, నేను లేకపోతేనే వాళ్ళు నిలబడతారు అని నాతో మాత్రం అన్నాడు.

రోజూ సాయంత్రం నేను టీ పట్టుకుని పైకి వెళ్తాను. గ్లాసు నేనే పట్టుకుంటాను, వాడు తాగుతాడు. టీ చిక్కగా పెడుతున్నాను ఇప్పుడు. తాగాక ప్రతిరోజూ అదే మాట అడుగుతాడు, నాకు తెలియనిది ఒకటి చెప్పక్కా అని. ఇదివరకు దానికి జవాబు వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు కింద జరిగేవన్నీ వాడికి తెలియనివే.

నిన్న ఇంకో మాట అడిగాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు.

"గోడ పక్కన కుర్చీలేమైనా ఉన్నాయా అక్కా?"

ఒకటుందిరా, నీకోసమే ఆపారు అని నా నోటి దాకా వచ్చింది. అంటే వాడి ముఖం ఎలా వెలిగేదో నాకు తెలుసు. కానీ ఒకసారి అలాంటి ప్రేమే చూపించి వాణ్ణి ఇక్కడ కూర్చోబెట్టాం. మళ్ళీ చేయలేకపోయాను.

"ఒక్కటీ లేదురా. ఏ రోజు కుర్చీలు ఆ రోజే వెళ్ళిపోతున్నాయి," అన్నాను.

వాడు తలూపాడు. ఒళ్ళో ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో తీసి, కిటికీ గట్టు మీద పెట్టుకున్నాడు.

"మంచిది. చెప్పినందుకు థాంక్స్ అక్కా," అన్నాడు.

నేను ఖాళీ గ్లాసు తీసుకుని కిందికి వచ్చి, గుడ్డ లేకుండానే మిషను తొక్కాను. పైకి నా ఏడుపు వినబడకూడదని.